ఒక ఎండిన మానును వదిలేద్దాం

(ఆదివాసీ దినోత్సవ సభలో మన యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమన్నప్పుడు సంఘం వాళ్లు మన భాష గురించో, చదువుల గురించో చెబుతానని అనుకున్నారు. ఆ సంగతులు చెప్పడానికి నాకంటే తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. నేను ఒక పిట్ట గురించి చెప్తాను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది. మా తండా మైదానం అంచున ఉన్న ఒక ఎండిన చింతమాను సంగతి ఈ సభ అయ్యాక తేల్చాల్సి ఉంది. ఆ మాను తరఫున మాట్లాడటానికే వచ్చాను అనుకోండి.

మనం కూర్చున్నది లేపాక్షి నేల. ఊరి పేరులోనే పక్షి ఉంది. రావణుడి దెబ్బకు రెక్క తెగి పడిన జటాయువును చూసి రాముడు ‘లే పక్షీ’ అన్నాడని, అందుకే ఈ ఊరికి ఆ పేరు వచ్చిందని మన పెద్దలు చెప్పుకుంటారు. కొండరాతి మీద జటాయువు బొమ్మ దగ్గర ఫోటో దిగనివాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు. రాతి పక్షిని చూడటానికి బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి బస్సుల్లో వస్తారు. ఆ రాతికి కూతవేటు దూరంలో వేపచెట్టు మీద టకటకమని కొట్టే ప్రాణమున్న పక్షిని మాత్రం ఎవరూ తలెత్తి చూడరు. అదే వడ్రంగి పిట్ట.

మన ప్రాంతంలో ముఖ్యంగా రెండు రకాలు కనబడతాయి. ఒకటి పెద్దది. వీపు బంగారు రంగు, నెత్తి మీద ఎర్రటి తురాయి, తోక పైభాగం నలుపు. అరుస్తూ ఎగిరితే ఎవరో పకపకా నవ్వుతూ పోయినట్టు ఉంటుంది. దీన్ని బంగారు వీపు వడ్రంగి పిట్ట అందాం. తోటల్లో, ఊళ్లలో, రోడ్ల పక్క చెట్లలో కూడా బతకగలదు. రెండోది చిన్నది, పిచ్చుక కంటే కాస్త పెద్దది. నలుపు, గోధుమ కలిసిన ఒంటి మీద తెల్లటి చుక్కలు, పొట్ట కింద ఎర్రటి మచ్చ, నెత్తి పసుపు. మగదానికి నెత్తి వెనక ఎరుపు కూడా ఉంటుంది. ఇది పసుపు నెత్తి వడ్రంగి పిట్ట. దట్టమైన అడవి కంటే మనలాంటి ఎండు నేలల్లోని తుమ్మలు, పొదలు, పలచటి చెట్లు దీనికి ఇష్టం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన సీమకు సరిపోయిన పిట్ట ఇది.

వీటి ఒళ్లు చూడండి. మామూలు పిట్టకు మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కు ఉంటాయి. దీనికి రెండు ముందుకు, రెండు వెనక్కు. అందుకే నిట్టనిలువు మానును పట్టుకోగలదు. తోక ఈకలు గట్టిగా ఉండి, మూడో కాలులా మానుకు ఆనుకుంటాయి. పొడవాటి నాలుక బెరడు కింది సందుల్లోకి పోయి చీమల్ని, చెదల్ని, కాండం తొలిచే పురుగుల్ని లాక్కొస్తుంది. మన చెట్లకు జీతం లేని కాపలా అది.

ఇక గూడు. కాకి, పావురం పుల్లలు ఏరుకుని గూడు కడతాయి. వడ్రంగి పిట్ట చెక్కుతుంది. ఆడదీ మగదీ వంతులవారీగా ముక్కుతో చెక్కి, కొమ్మలోకి తొర్ర చేస్తాయి. లోపల గడ్డి, ఈకలు ఏమీ పరవవు. రాలిన చెక్కపొట్టు మీదే తెల్లటి గుడ్లు పెడతాయి. రెండో మూడో ఉంటాయి. గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు ఎగిరేదాకా నెల పైచిలుకు పడుతుంది. మన దగ్గర ఎక్కువగా ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా ఈ పని సాగుతుంది. అంటే మనం వంటకు కట్టెలు ఎక్కువగా కొట్టి పేర్చుకునే ఎండాకాలమే దాని పురుడు కాలం.

ఏ చెట్టు పడితే ఆ చెట్టును అది చెక్కలేదు. గూటికి దానికి కావాల్సింది లోపల మెత్తబడిన కొమ్మ, ఎండిన మాను. చిన్న పిట్టయితే తరచుగా ఎండిన కొమ్మ కిందివైపు రంధ్రం చేసుకుంటుంది. పైగా పిల్లలు ఒదిగి కూర్చోవడానికి లోపల చోటు ఉండాలి కాబట్టి కొమ్మ మందంగా కూడా ఉండాలి. మన ఇళ్ల చుట్టూ ఇప్పుడు పచ్చదనం లేదా అంటే ఉంది. సర్కారు తుమ్మ ఎక్కడ చూసినా ఉంది. కానీ దాన్ని బొగ్గు బట్టీల కోసం, పొయ్యి కోసం బొటనవేలి లావు నుంచి చేతిలావు కాగానే నరికేస్తారు. నీలగిరి తోటలు ఉన్నాయి. నాలుగైదేళ్లకే కోతకు పోతాయి. పచ్చగా ఉన్నా అక్కడ గూడు పెట్టుకునే మాను లేదు. పాత చింత, పాత వేప, కానుగ, మర్రి, రావి, మోదుగ, వీటిలోనే ఆ మెత్తబడిన కొమ్మ దొరుకుతుంది. అలాంటి కొమ్మ తయారు కావడానికి చెట్టుకు మన తాతల వయసు రావాలి. రోడ్డు వెడల్పు చేసినా, ప్లాట్లు వేసినా ముందు పోయేవి ఆ తాత చెట్లే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు పదేళ్లప్పుడు మా యాడి తెల్లవారుజామునే మిగతా ఆడవాళ్లతో గుట్టకు పోయి కట్టెలు కొట్టి, మోపు నెత్తిన పెట్టుకుని హిందూపురం దాకా నడిచి అమ్మేది. ఆ డబ్బులతోనే సాయంత్రం జొన్నలు కొనేవాళ్లం. సెలవు రోజుల్లో నేనూ పోయేవాణ్ని. ఒకరోజు ఎండిన వేపకొమ్మ ఒకటి చూసి, ఎక్కి గొడ్డలితో రెండు దెబ్బలు వేశాను. లోపల్నుంచి బంగారు వీపు పిట్ట ఒకటి అరుస్తూ నా మొహం పక్క నుంచే దూసుకుపోయింది. భయపడి ఇంకో దెబ్బ వేశాను. కొమ్మ చీలింది. మూడు తెల్లటి గుడ్లు కింద బండ మీద పడి పగిలాయి. ఆ పిట్ట పక్క చెట్టు మీద కూర్చుని మేం పోయేదాకా అరుస్తూనే ఉంది.

మా యాడి నన్ను కొట్టలేదు. ఆ కొమ్మను మాత్రం మోపులో పెట్టనివ్వలేదు. అక్కడే వదిలేసి వచ్చాం. ఆ రోజు మోపు చిన్నదై, డబ్బులు తక్కువ వచ్చాయి. ఎందుకు వదిలేశావని దారిలో అడిగితే, ‘అది ఇల్లు కదరా’ అంది. అంతే. ఆకలి తెలిసిన మనిషి ఆ మాట అంది కాబట్టే నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకే కట్టెలు కొట్టడం తప్పని నేను ఎప్పుడూ అనను. ఈ రోజు చాలా ఇళ్లలో గ్యాస్ సిలిండర్ ఉన్నా, స్నానానికి నీళ్లు కాచడానికి, పెళ్లిళ్లకు, సిలిండర్ కొనలేని నెలల్లో పొయ్యే దిక్కు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న పుల్లలను, మోళ్లను కూడా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, అడవిలో ఉండే గిరిజనులకు వాటి మీద హక్కు ఇచ్చింది. అదే చట్టం ఐదో సెక్షనులో అడవిని, అందులోని జీవరాశిని కాపాడే అధికారాన్ని కూడా హక్కుదారుల చేతికే, గ్రామసభ చేతికే ఇచ్చింది. హక్కు గురించి మన సభల్లో చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఆ రెండో సగం గురించి తక్కువ మాట్లాడుకున్నాం.

పిట్టలు తగ్గుతున్నాయా లేదా అని మీరు అడగవచ్చు. దీనికి ఊహలు కాదు, లెక్కలు ఉన్నాయి. 2023 ఆగస్టులో ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ అనే నివేదిక వచ్చింది. దేశవ్యాప్తంగా 30,000 మందికి పైగా పక్షి ప్రేమికులు రాసిపెట్టిన 3 కోట్ల నమోదుల ఆధారంగా 942 రకాల పక్షులను పరిశీలించారు. దీర్ఘకాలం లెక్క తేలిన 338 రకాల్లో 204 తగ్గాయి, 98 స్థిరంగా ఉన్నాయి, 36 మాత్రమే పెరిగాయి. అంటే పదింట ఆరు తగ్గాయి. ఏది పడితే అది తిని ఎక్కడైనా బతికే పావురం, కోకిల, నెమలి లాంటివి బాగానే ఉన్నాయి. ఒకే రకం చోటు మీద, అంటే చెట్లున్న అడవి మీదో, పచ్చిక బీడు మీదో ఆధారపడేవి తగ్గాయి.

వడ్రంగి పిట్టల విషయానికి వస్తే, నేను చెప్పిన రెండు రకాలూ ప్రపంచ స్థాయి రెడ్ లిస్టులో ఇప్పటికి ఆందోళన తక్కువ అనే వరుసలోనే ఉన్నాయి. అది మంచి వార్తే. కానీ ఆ వరుస దేశాలన్నీ కలిపి వేసిన లెక్క. పాకిస్తాన్ నుంచి దక్షిణ భారతం దాకా ఉన్న పిట్ట మొత్తంగా బాగున్నా, ఒక గుట్ట మీద, ఒక తండా చుట్టూ నిశ్శబ్దంగా లేకుండా పోవచ్చు. గుట్ట మీద ఉన్న చివరి లావుపాటి ఎండుమాను కొట్టిన రోజు ఆ గుట్ట వరకు దాని కథ అయిపోతుంది. ఆ సంగతి ఏ జాబితాలోకీ ఎక్కదు.

దాంతో పాటు పోయేవి ఇంకా ఉన్నాయి. వడ్రంగి పిట్ట చాలాసార్లు ఏడాదికో కొత్త గూడు చెక్కుకుంటుంది. పాతది ఖాళీ అవుతుంది. చెక్కే ముక్కు లేని పిట్టలు దానికోసం ఎదురుచూస్తుంటాయి. రామచిలుక, గోరింక, పైడికంటి, కూకుడుగువ్వ, పాలపిట్ట, ఇవన్నీ తొర్రల్లోనే పిల్లల్ని పెడతాయి. వాటికి తొర్ర చెక్కే ముక్కు లేదు. ఉన్న తొర్రను వెడల్పు చేసుకోవడమో, దొరికినదాంట్లో దూరడమో చేస్తాయి. ఇప్పుడు ఆలోచించండి. 2018 నుంచి మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట, అంతకుముందు ఉమ్మడి రాష్ట్రానికీ అదే. రెండు రాష్ట్రాల పక్షులూ తొర్రలో పుట్టేవే. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమని వెతుకుతాం. ఆ పాలపిట్ట 30 శాతానికి పైగా తగ్గిందని, దాని స్థితిని ప్రపంచ స్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2023 నివేదిక చెప్పింది. అలా సూచించిన 14 రకాల్లో అదొకటి. దానికి తొర్రలు లేకపోవడం ఒక్కటే కారణమని నేననను. అది పెద్ద పురుగుల్ని తినే పిట్ట, పురుగుమందు కొట్టిన చేనులో దానికి తిండి ఉండదు. కానీ తిండి ఉన్నచోట కూడా పిల్లల్ని పెట్టడానికి తొర్ర కావాలి కదా.

పెద్ద మానులు అయిపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. ఐవరీ బిల్డ్ అనే భారీ వడ్రంగి పిట్టకు పాత అడవుల్లోని పెద్ద చెట్లే ఆధారం. లూసియానాలో ఆ అడవిని కలప కంపెనీ కొట్టేసింది. అందరూ ఒప్పుకునే చివరి దర్శనం 1944లో. అక్కడే ఇంకో రకం ఉంది, రెడ్ కాకేడెడ్ అంటారు. అది బతికున్న పాత పైన్ చెట్లలో ఏళ్ల తరబడి చెక్కి గూడు చేసుకుంటుంది. 1970లో దాన్ని అంతరించే జాబితాలో చేర్చారు. 1989లో హ్యూగో తుఫానుకు సౌత్ కరోలినాలో దాని గూళ్ల చెట్లు చాలావరకు కూలిపోయాయి. అప్పుడు మనుషులు నిచ్చెనలు వేసుకుని, రంపాలతో చెట్లలో గూళ్లు తొలిచి, పెట్టెలు అమర్చారు. పిట్టలు వాటిలో చేరాయి. అలా దశాబ్దాలు శ్రమపడితే 2024లో దాన్ని ఒక మెట్టు తక్కువ ప్రమాదం ఉన్న జాబితాలోకి మార్చగలిగారు. వాళ్లు కోట్లు ఖర్చుపెట్టి రంపంతో చేసిన పనిని మన దగ్గర పిట్ట తన ముక్కుతో ఉచితంగా చేసుకుంటోంది. మనం చేయాల్సిందల్లా దానికి ఒక మాను వదలడం.

మనవాళ్లు చేయగలరా అంటే, చేసి చూపించినవాళ్లు పక్కనే ఉన్నారు. చిలమత్తూరు మండలం వీరాపురం మీలో చాలామంది చూసే ఉంటారు. ఊరి చెట్ల మీద కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెడతాయి. సైబీరియా కొంగలని మనవాళ్లు అంటుంటారు గానీ, అవి మన దేశంలోనే ఉండే పెయింటెడ్ స్టార్క్ అనే కొంగలు. రెట్టల వాసన, అరుపులు అన్నీ భరించి, పురిటికి వచ్చిన ఆడబిడ్డల్లా ఆ ఊరివాళ్లు వాటిని చూసుకుంటారు. గూటిని ముట్టుకోనివ్వరు. ఆ కొంగలు చెట్టు నెత్తిన అందరికీ కనబడతాయి. వడ్రంగి పిట్ట ఎండిన కొమ్మ లోపల ఉంటుంది, కనబడదు. తేడా అంతే. కనబడని బిడ్డను కూడా చూసుకోవాలంటే ఆ కొమ్మలో అది ఉందని ముందు తెలియాలి.

తెలుసుకునే పనిలో మనం ఎవరికీ తీసిపోం. కడప జిల్లాలో కలివికోడి కథ మీలో ఎందరికి తెలుసు? 1900 తర్వాత ఆ పిట్ట ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు దానికోసం వెతుకుతుంటే, 1986 జనవరిలో లంకమల అడవుల దగ్గర రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకున్నది ఐతన్న అనే స్థానిక వేటగాడు. పెద్ద పెద్ద పుస్తకాల్లో లేని పిట్ట ఆయనకు తెలుసు. అడవి తెలిసిన మన పెద్దల దగ్గర అలాంటి జ్ఞానం ఇంకా ఉంది. వాళ్లు పోకముందే అడగాల్సింది మీరు. ఏ చెట్టులో ఏ పిట్ట గూడు పెడుతుంది, వాళ్ల చిన్నప్పుడు ఎక్కడెక్కడ ఉండేవి, మన భాషలో దాని పేరేమిటి, అన్నీ అడిగి రాసుకోండి.

ఇక చేయాల్సిన పనులు. ఖర్చు లేనివే చెప్తాను.

ఒకటి. ప్రతి తండా చుట్టూ, చేల గట్ల మీద జానెడు కంటే లావున్న ఎండిన మానులు, కొమ్మలు ఎన్ని ఉన్నాయో ఈ నెలలో లెక్కపెట్టండి. ఏది వేప, ఏది చింత, తొర్ర ఉందా లేదా, నోటుబుక్కులో రాయండి. ఏటా అదే నెలలో మళ్లీ లెక్కపెట్టండి. మూడేళ్లు రాస్తే మన తండా ధోరణి మనకే తెలుస్తుంది.

రెండు. జనవరి నుంచి జూలై దాకా తొర్ర ఉన్న ఎండు కొమ్మను కొట్టకండి. కొట్టకముందు కాసేపు దూరంగా కూర్చుని చూడండి. మాను మొదట్లో తాజా చెక్కపొట్టు రాలి ఉందంటే పైన ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారని అర్థం.

మూడు. దారి మీదకో, బడి మీదకో, ఇంటి మీదకో వంగిన ఎండు కొమ్మ ప్రమాదం. దాన్ని తీసేయాల్సిందే. అప్పుడు కూడా కొమ్మ మేరకు తీసి, మొండెం నిలబెట్టే వీలుందేమో చూడండి.

నాలుగు. ఫిబ్రవరి, మార్చిలో పొద్దున్నే పదిహేను నిమిషాలు నిలబడి, విన్నవీ చూసినవీ రాసి ఈబర్డ్‌లో పెట్టండి. ఫోన్ ఉంటే చాలు. ఆ 3 కోట్ల నమోదులు అలా వచ్చినవే. అయితే గూటి ఫోటోలు చోటు పేరుతో సహా స్టేటస్‌లో పెట్టకండి. పిట్ట కూతను ఫోన్లో మోగించి పిలవకండి. గూట్లో చెయ్యి పెట్టకండి.

ఐదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మన పిట్టల పేర్లు, మన చెట్లు అందులో ఎక్కించమని గ్రామసభలో అడగండి. కాగితం మీద ఉన్న చెట్టును రోడ్డు కోసం కొట్టాలన్నా ఎవరో ఒకరు ఆలోచిస్తారు.

ఆరు. ఈ వానలకు మొక్కలు నాటేటప్పుడు త్వరగా పెరిగేవే కాకుండా నాలుగు చింతలు, వేపలు, కానుగలు, ఒక మర్రి నాటండి. మన జిల్లాలోనే కదిరి దగ్గర గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఐదెకరాల దాకా పరుచుకుని ఉంది. అదీ ఒకప్పుడు మొక్కే.

ఇప్పుడు మా తండా చింతమాను దగ్గరికి వస్తాను. అది ఎండిపోయి నాలుగేళ్లయింది. తీజ్ పండుగకు మైదానం చదును చేసి స్టేజీ వేద్దామని, మానును కట్టెల బేరగాడికి అమ్మితే ఆ ఖర్చుకు డబ్బులు కూడా వస్తాయని మా కుర్రాళ్లు అనుకుంటున్నారు. వాళ్లు అన్నదాంట్లో తప్పేమీ లేదు. పండుగ బాగా జరగాలన్నదే వాళ్ల ఉద్దేశం. కానీ ఈ ఎండాకాలం ఆ మానులో బంగారు వీపు జంట ఒకటి పిల్లల్ని లేపింది. కిందటేడు వదిలేసిన తొర్రలో ఇప్పుడు గోరింకలు ఉన్నాయి. ఇంకొంచెం పైన ఒక పైడికంటి పగలంతా తల బయటపెట్టి చూస్తుంటుంది. నేను రోజూ సాయంత్రం పోయి చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను. ఒక్క మానులో మూడు కాపురాలు.

నా మనవి ఇది. మైదానం వైపు వంగిన రెండు కొమ్మలు తీసేద్దాం, అవి ప్రమాదమే. వాటి కట్టెలు పండుగ వంటకే వాడుకుందాం. మాను మాత్రం నిలబెడదాం. స్టేజీని పది గజాలు ఇటు జరుపుదాం. బేరగాడు ఇచ్చే డబ్బులకు బదులు నా పెన్షన్‌లోంచి నా వంతు నేనిస్తాను, మిగతాది తలా కొంచెం వేసుకుందాం. నిర్ణయం మాత్రం మీదే. మైదానం మీది, పండుగ మీది. నేను చెప్పానని కాకుండా, సభ అయ్యాక అందరూ కలిసి అక్కడికి పోయి, మాను కింద పదినిమిషాలు మాట్లాడకుండా నిలబడి, ఆ తర్వాత తేల్చండి.

 రండి, చీకటి పడకముందే పోదాం.